బయటపెట్టకూడని సీసా

ఆయన వృత్తి లిఫ్టులు బాగుచేయడం. ఎక్కేది మాత్రం మెట్లు. ఇదేం పొంతనని అడిగినవాళ్లందరికీ ఆయన ఒకే జవాబు చెప్పేవాడు: "లోపల ఏముందో మీకు తెలీదు కాబట్టి ఎక్కుతున్నారు. నాకు తెలుసు." బాగుచేసిన లిఫ్టును పరీక్షించాల్సి వస్తే అందులో ఇసుక మూటలు పెట్టి పైకి పంపేవాడు. ఇసుక మూటలు క్షేమంగా వెళ్లి క్షేమంగా తిరిగొచ్చాయంటే సంతకం పెట్టేవాడు. కంపెనీవాళ్లు దీన్ని మొదట తమాషా అనుకున్నారు, తరువాత పరువు తక్కువ అనుకున్నారు, చివరికి మెట్లాయన అని పేరు పెట్టి ఊరుకున్నారు. ఆ పేరు ఇంటిదాకా వచ్చింది. అసలు పేరు ఇప్పుడు జీతం ఇచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

భయపడే విషయంలో మెట్లాయనకు పక్షపాతం లేదు. ఫ్యాను తిరుగుతుంటే ఊడి పడుతుందని భయం, ఆగిపోతే మోటారు కాలిందని భయం. ఫోను మోగితే గుండె జారుతుంది. మోగకపోతే అందరికీ ఏమైందోనని ఇంకొంచెం జారుతుంది. ఇలాంటి మనిషికి భగవంతుడు ఎంతో ఆలోచించి ఇచ్చిన భార్య ఊళ్లోవాళ్లకు కారు నడపడం నేర్పేది. రోజంతా బ్రేకుకీ క్లచ్చుకీ తేడా తెలియని మనుషుల పక్కన కూర్చుని, లారీల మధ్య నుంచి ప్రాణాలతో బయటికొచ్చి, ఇంటికి చేరి చెప్పులు విడుస్తూనే "ఏమండీ, ఇవాళ ఎవరు పోయారు?" అని అడిగేది. ఆయన ఆ రోజు ఎవరెవరు పోయే అవకాశం ఉండిందో వివరంగా చెప్పేవాడు. ఇద్దరి కాపురం ఇలా సలక్షణంగా సాగిపోతుండేది.

అంత భయస్తుడు ఊరగాయల జోలికి ఎలా వెళ్లాడన్నది సబబైన ప్రశ్నే. ఒక పెద్ద హోటలులో సామాన్ల లిఫ్టు బాగుచేస్తూ ఆయన వంటగది పక్కన రెండు రోజులు గడిపాడు. అక్కడి వంటవాడు కీరదోసకాయలు చక్రాల్లా తరిగి, ఉల్లిపాయలు, క్యారెట్ పుల్లలు, నాలుగు వెల్లుల్లి రేకులు కలిపి గాజు సీసాలో కూరేవాడు. వెనిగర్, నీళ్లు, ఉప్పు, కాస్త పంచదార మరిగించి పైన పోసేవాడు. చల్లారాక మూత బిగించి ఫ్రిజ్‌లో తోసేవాడు. మర్నాటికి తినడమే. ఎండబెట్టడాలు లేవు, నూనెలు లేవు, నెలల తరబడి కాపలా లేదు.

"ఎన్నాళ్లు ఉంటుంది?" అని మెట్లాయన అడిగాడు.

"వారం, పదిరోజులు. ఆ తరవాత పారెయ్యడమే."

ఈ మాట మెట్లాయన మనసును తాకింది. ఏడాదిపాటు చెడిపోనని బింకం పోయే ఊరగాయల మీద ఆయనకు ఏనాడూ నమ్మకం లేదు. తన ఆయుష్షు ఇంతేనని వినయంగా ఒప్పుకున్న ఊరగాయను జీవితంలో మొదటిసారి చూశాడు.

"మరి తగ్గించొచ్చా? ఉప్పు, వెనిగరు?"

వంటవాడు గరిటె ఆపి ఆయన్ను ఎగాదిగా చూశాడు. "ఫ్రిజ్‌లో ఉన్నంతసేపు కాస్త అటూ ఇటూ అయినా ఏం కాదు సార్. కానీ వెనిగరు తగ్గించి, వెల్లుల్లి వేసి, దాన్ని తీసుకెళ్లి వెచ్చటి చోట పెట్టారనుకోండి, విషం పుడుతుంది. రుచి మారదు, వాసన రాదు. ముందు కళ్లకి ఒకటి రెండుగా కనబడుతుంది. తరవాత మాట పోతుంది. ఆ తరవాత నాకు కాదు, డాక్టరుకి చెప్పుకోవాలి."

మెట్లాయన ఈ వాక్యాలను మంత్రోపదేశంలా అందుకున్నాడు. ఇంటికి వెళ్లి చేసిన మొదటి సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, ఫ్రిజ్ తలుపును చేత్తో ఒకసారి, మోకాలితో ఒకసారి నొక్కాడు. ఆపైన ప్రతి ఆదివారం ఒక సీసా తయారయ్యేది. బాగుండేది కూడా. ముక్క కొరికితే కరకరమని పక్కగదికి వినబడేది.

ఆ కరకర పక్కగదితో ఆగలేదు. ఒక ఆదివారం ఆయన బావ చెవిన పడింది.

బావ అంటే అక్క మొగుడు. దర్జీ. ఒక నాలుగంతస్తుల వ్యాపార భవనంలో పై అంతస్తులో దుకాణం. కొలతలు తీసుకుంటూ మనుషుల కడుపుల మీద పరిహాసాలాడే సరదా మనిషి. ఆయనకు రక్తపోటు ఎక్కువైందని డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. తగ్గించమన్నది డాక్టరు, మాన్పించింది అక్క. అక్క మాటంటే ఆ ఇంట్లో చట్టం, తమ్ముడి ఇంట్లో కూడా చట్టమే. అమ్మ పోయాక తమ్ముణ్ణి చెవి పట్టుకుని పెంచింది అక్కే. ఆ చెవి ఇప్పటికీ ఆమెను చూస్తే ఎర్రబడుతుంది.

"ఏరా బావమరిదీ, ఒక్క ముక్క" అన్నాడు బావ ఆ ఆదివారం, వంటింటి గుమ్మంలో నిలబడి.

"అక్క చంపేస్తుంది బావా."

"ఎవర్ని?"

"ఇద్దర్నీ."

"ఇద్దరం కలిసి పోతే నీకు తోడుంటాను కదరా! ఒంటరిగా పోవడమంటే నీకు భయం కూడానూ." బావ గొంతు తగ్గించాడు. "ఆర్నెల్లయిందిరా నాలుక మీద ఉప్పురాయి పడి. మీ అక్క పెట్టేది తింటుంటే నా దుకాణంలో లైనింగ్ గుడ్డ నమిలినట్టుంది."

మెట్లాయన జాలిపడ్డాడు. జాలిపడి, ఆ వెంటనే భయపడి, రెంటికీ నడుమ ఒక రాజీ కనిపెట్టాడు. బావ కోసం ప్రత్యేకంగా ఒక సీసా కట్టాడు. రక్తపోటు ఉంది కనుక ఉప్పును దాదాపు పేరుకు మాత్రం వేశాడు. బావకు పులుపు పడక గుండెల్లో మంట వస్తుంది కనుక వెనిగరును సగానికి సగం తగ్గించి నీళ్లు పోశాడు. వెల్లుల్లి రక్తపోటుకు మంచిదని ఎక్కడో విన్నాడు గనుక దాన్ని రెట్టింపు చేశాడు. ఆ సీసాకు కాపలా ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే జాగ్రత్త పేరుతో సాగనంపి, చివరికి ఒక్క ఫ్రిజ్‌ను మాత్రం మిగిల్చాడు. ఫ్రిజ్ ఉందిగా అనుకున్నాడు.

సీసా బావ చేతిలో పెడుతూ, వీధి మలుపు దగ్గర నిలబడి, అటూ ఇటూ చూసి, ఎంతో గంభీరంగా ఒక్క మాట చెప్పాడు.

"బావా, మిగతావన్నీ మీ ఇష్టం. ఒక్కటే ప్రార్థన. దీన్ని మాత్రం బయటపెట్టకండి."

బావ సీసాను చొక్కా కింద దోపుకుని, కన్నుగీటి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నా ప్రాణం పోయినా బయటపెట్టనురా."

ఆ రోజు మెట్లాయన నిశ్చింతగా ఇంటికి నడిచాడు. ఆయన జీవితంలో నిశ్చింతగా నడిచిన దూరాలు తక్కువ. అందులో ఇదొకటి.

*

తరువాతి వారంలో ఒక ఉదయం అక్క వచ్చింది. ఆమె ఎప్పుడు వచ్చినా ముందు చల్లటి నీళ్లు తాగుతుంది. ఫ్రిజ్ తలుపు తీసి లోపలికి వంగి చూసింది.

"ఏంట్రా ఈ సీసాలు? పైన రాసింది అక్షరమ్ముక్క కనబడి చావట్లేదు. పొద్దుట్నుంచీ అన్నీ మసకమసగ్గా ఉన్నాయి, కళ్లద్దాలు మార్పించాలి."

"కీరదోసకాయ ముక్కలక్కా."

"ఉప్పు వేసినవేనా? మీ బావ కంట పడనీకు. ఆ మనిషికి ఉప్పంటే పిచ్చి."

"లేదక్కా. అబ్బే."

"మీ ఫ్రిజ్ ఎంత మురిగ్గా ఉందో చూడు! నిన్న మాది మొత్తం ఖాళీ చేసి, అరలన్నీ ఊడదీసి కడిగాను. అద్దంలా ఉంది. లోపల ఒక్క గిన్నె మిగల్చలేదు."

మెట్లాయన చేతిలోని గ్లాసు ఆగిపోయింది. ఒక్క గిన్నె మిగల్చలేదు. అంటే సీసా కూడా అక్కకు కనబడి ఉండాలి. కనబడి ఉంటే తన చెవి ఈపాటికి అక్క చేతిలో ఉండాలి. చెవి క్షేమంగా ఉంది. కనుక సీసా ఫ్రిజ్‌లో లేదు.

"అన్నీ... తీసేశావా అక్కా? వెనకమూల కూడా?"

"వెనకమూల ఏముంటుందిరా?"

"ఏమీ ఉండదు. ఏమైనా పాడైనవి ఉంటాయేమో అని."

"నా ఫ్రిజ్‌లోనా?" అంది అక్క, వంశాన్ని తిట్టినట్టు చూస్తూ.

"బావ బాగున్నాడా?" ఈ ప్రశ్న అడిగేటప్పుడు ఆయన గొంతు ఒక అంతస్తు కిందికి దిగింది.

"నిన్నట్నుంచి సరిగ్గా తినట్లేదు. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా దుకాణానికి పోయాడు. ఏమంటే ఏమీ లేదంటాడు." అక్క గ్లాసు కడిగి బోర్లించింది. "ఏంట్రా అలా పాలిపోయావు? నీ ఫ్యాను ఊడిందా?"

అక్క వెళ్లిన మరుక్షణం మెట్లాయన వంటింటి గట్టు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన భార్య కారు తాళాలు తిప్పుతూ వచ్చి చూసింది. భర్త భయపడటం ఆమెకు రోజూ కనిపించే దృశ్యమే. కానీ ఈసారి ఆయన మాట్లాడకుండా భయపడుతున్నాడు. అది కొత్త.

"ఏమైందండీ?"

ఆయన చెప్పాడు. పేరుకు ఉప్పు, సగం వెనిగరు, రెట్టింపు వెల్లుల్లి, ఖాళీ ఫ్రిజ్.

"మరి ఫ్రిజ్‌లో పెట్టమని అన్నయ్యగారికి చెప్పలేదా?"

"చెప్పకుండా ఎలా ఉంటాను! చెప్పిందే ఆ ఒక్క మాట. బయటపెట్టొద్దని నొక్కి మరీ చెప్పాను."

తాళాలు తిరగడం ఆగింది.

"ఏమన్నారు? ఆ మాటే అన్నారా? బయటపెట్టొద్దని?"

"అవును."

"వదినగారికి తెలీకుండా, వీధి మలుపులో, అటూ ఇటూ చూసి, సీసా చేతికిచ్చి, బయటపెట్టొద్దన్నారు."

ఆమె ఒక్కొక్క ముక్కా విడదీసి చెబుతుంటే మెట్లాయనకు తను పలికిన మాట ఇప్పుడు వేరే మనిషి చెవులతో వినబడింది. ఫ్రిజ్ ఊసు అందులో ఎక్కడా లేదు. ఎవరికీ చెప్పకు, దాచిపెట్టు అని మాత్రమే ఉంది. బావ కన్నుగీటడం గుర్తొచ్చింది. చొక్కా కింద దోపుకోవడం గుర్తొచ్చింది. ప్రాణం పోయినా అన్న మాట కూడా గుర్తొచ్చింది.

"దాచి ఉంటాడు" అన్నాడు. "ఎక్కడో దాచి ఉంటాడు."

బావకు ఫోను చేశాడు. మోగింది. మోగుతూనే ఉంది. మళ్లీ చేశాడు. ఫోను మోగితే ఒకలా, మోగకపోతే ఒకలా భయపడే ఆ మనిషికి, అవతలివాడి ఫోను మోగుతూ ఉంటే పడాల్సిన మూడో రకం భయం ఒకటి ఉందని అప్పుడే తెలిసింది.

"పదండి" అంది భార్య.

డ్రైవింగ్ స్కూలు కారుకు రెండు వైపులా బ్రేకులుంటాయి. నేర్పేవాళ్లు కూర్చునే సీటులో ఈసారి మెట్లాయన కూర్చున్నాడు. మొదటి మలుపు దాటకముందే కారు రెండుసార్లు కీచుమని ఆగింది.

"ఏమండీ, కాలు తియ్యండి."

"నేనేం చెయ్యలేదు."

"మీ కాలు బ్రేకు మీదుంది. మీ బావగారి దగ్గరికి వెళ్లాలా వద్దా?"

ఆయన రెండు కాళ్లూ సీటు మీదికి మడుచుకుని, మోకాళ్లు కౌగిలించుకుని కూర్చున్నాడు. దారిపొడవునా వంటవాడి మాటలు చెవిలో వరసగా నడుస్తూనే ఉన్నాయి. కళ్లు. తరువాత మాట.

*

దర్జీ దుకాణం షట్టరు సగానికి దించి ఉంది. భార్యను కారులో ఉంచి నాలుగంతస్తులూ పరుగున ఎక్కొచ్చిన మెట్లాయన వంగి లోపలికి దూరాడు. లోపల వేడిగా ఉంది. ఇస్త్రీ పెట్టె స్విచ్చి ఆపలేదు, గదంతా ఉడుకుతోంది. కుట్టి తగిలించిన చొక్కాలు తలల్లేని మనుషుల్లా వరసగా వేలాడుతున్నాయి. బట్టలు కత్తిరించే పొడుగాటి బల్ల మీద, సుద్ద గుర్తుల మధ్య, టేపు మెడలో, కళ్లద్దాలు ముక్కు మీద ఉండగానే బావ వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"బావా!"

బావ కళ్లు తెరిచాడు. మెట్లాయనకు ఊపిరి తిరిగి వచ్చింది.

"షట్టరు దించెయ్" అన్నాడు బావ నీరసంగా. "మీ అక్క వచ్చిందా నీ వెనకాల?"

"లేదు. ఏమైంది మీకు?"

"కడుపులో తిప్పుతోందిరా. నిన్న రాత్రి నుంచి. పొద్దున రెండుసార్లు వాంతి. అంతే, తగ్గిపోతుంది."

"సీసా ఏది?"

బావ మొహంలో ఆ నీరసంలోనూ ఒక రకం గర్వం తొంగిచూసింది. "ఎవరికీ దొరకని చోట పెట్టాను" అని వేలు చూపించాడు. ఇస్త్రీ బల్ల కింది సొరుగు. రోజంతా ఇస్త్రీ పెట్టె సెగ తగిలే సొరుగు.

మెట్లాయన దాన్ని లాగాడు. పాత బొత్తాల డబ్బాల వెనక, కోటు గుడ్డ ముక్కలో చుట్టి, సీసా ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. లోపలి నీళ్లు కలక బారాయి. కింది నుంచి సన్నటి బుడగలు పైకి వస్తున్నాయి. మూత మధ్యలో కాస్త ఉబ్బింది. వెల్లుల్లి రేకులు, ఆ తెల్లటి అమాయకమైన రేకులు, నీలి ఆకుపచ్చ రంగు తిరిగి గాజుకు అతుక్కుని ఆయన వంకే చూస్తున్నాయి. సీసాలో మూడు వంతులు ఖాళీ.

"ఎప్పుడు తిన్నారు?"

"రోజూ తింటూనే ఉన్నాను. నిన్న మధ్యాహ్నం కాస్త చురుక్కుమంది. ఇప్పుడు బాగా ఊరిందిరా అనుకున్నాను." బావ లేవబోయి మళ్లీ వాలాడు. "పొద్దున్నించీ పని చేద్దామనే చూశాను. సూదిలో దారం ఎక్కట్లేదు. రెండు సూదులు కనబడుతున్నాయి. ఏ సూదికి ఎక్కించాలో తెలీక పడుకున్నాను."

మెట్లాయన సీసాను మళ్లీ గుడ్డలో చుట్టేశాడు.

రెండు సూదులు.

"లేవండి. ఆసుపత్రికి."

"వద్దురా. ఆసుపత్రి అంటే మీ అక్కకి తెలుస్తుంది. నువ్వే కదా బయటపెట్టొద్దన్నావు? మాటిచ్చాను."

"నేనన్నది ఫ్రిజ్ బయట బావా! ఫ్రిజ్ బయట పెట్టొద్దన్నాను!"

బావ కాసేపు పైకప్పు వంక చూశాడు. "అలా చెప్పొచ్చు కదరా" అన్నాడు చివరికి.

బావ మెట్లు దిగే స్థితిలో లేడు. రెండడుగులు వేసి గోడ పట్టుకున్నాడు. మెట్లాయన బావ చంక కింద భుజం ఇచ్చి వరండాలోకి తీసుకొచ్చాడు. కుడివైపు మెట్లు. ఎదురుగా లిఫ్టు. ఆ లిఫ్టు ఆయనకు బాగా తెలుసు. పోయిన నెలలో దాని బ్రేకు బిగించింది ఆయనే. ఇసుక మూటలను ఎక్కించిందీ ఆయనే, అవి తిరిగొచ్చాక సంతకం పెట్టిందీ ఆయనే. తెలియని లిఫ్టయితే తెలియనితనం కాస్త కాపాడేది. ఇందులో ఏ మేకు ఎక్కడ ఉందో ఆయన కళ్ల ముందు ఆడింది.

తలుపు తెరుచుకుంది. మెట్లాయన కళ్లు మూసుకుని, బావను ఈడ్చుకుంటూ లోపలికి అడుగు పెట్టాడు. బొత్తం నొక్కింది ఏ వేలో ఆయనకు తెలియదు. లిఫ్టు కదిలింది. పైన తీగ మూలిగింది. ఆ మూలుగు ఏ చక్రానిదో తెలిసినా తెలియనట్టు ఊరుకున్నాడు.

భుజం మీద వాలిన బావ తల మెల్లగా పైకి లేచింది. చుట్టూ చూశాడు. ఇనప గోడలు చూశాడు. బావమరిది మొహం చూశాడు.

"ఒరేయ్" అన్నాడు. "నువ్వు లిఫ్టులో ఉన్నావేంట్రా? అంటే... నేను పోతున్నానా?"

మెట్లాయన ఏదో చెబుదామని నోరు తెరిచాడు. మాట రాలేదు. ముందు మాట పోయేది తినిపించినవాడికా అన్న వింత ఆలోచన ఒకటి వచ్చి, లిఫ్టు కింద ఆగేదాకా ఆయన్ను వదల్లేదు.

*

కారులోంచి అక్కకు ఫోను చేశాడు. "బావకి కొంచెం బాగాలేదక్కా, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం" అన్నాడు. ఎందుకని ఆమె అడిగేలోగా కట్ చేశాడు. అక్క ఫోనును కట్ చేయడం ఆయనకు జీవితంలో అదే మొదలు. వెనక సీటులోంచి బావ గొణుగుతున్నాడు: "ఉప్పు సంగతి చెప్పకురా. కడుపునొప్పి అను. వేడి చేసిందను."

ఆసుపత్రిలో డాక్టరు చిన్నవాడు, ఓపికున్నవాడు. మంచం పక్కన నిలబడి వేలు చూపించాడు.

"ఇవెన్ని?"

"రెండండీ" అన్నాడు బావ.

డాక్టరు చూపించింది ఒక్క వేలు. ఆయన మొహంలో ఓపిక అలాగే ఉంది, నవ్వు మాత్రం తప్పుకుంది. కళ్లలోకి లైటు వేశాడు. మింగమన్నాడు. నాలుక చాపమన్నాడు. "నిన్నా మొన్నా ఏం తిన్నారు? నిలవ పదార్థాలు, డబ్బాలో ఉన్నవి, సీసాలో ఉన్నవి, ఏవైనా?"

సరిగ్గా అప్పుడే తెర పక్కకు జరిగి అక్క లోపలికి వచ్చింది. పరుగున వచ్చినట్టుంది, కొంగు సగం జారి ఉంది. బావ ఆమెను చూశాడు. డాక్టరును చూశాడు.

"ఇంట్లో మా ఆవిడ వండిందేనండీ" అన్నాడు. "ఇంకేమీ లేదు."

మెట్లాయన చేతిలో కోటు గుడ్డలో చుట్టిన సీసా ఉంది. దాని వెచ్చదనం ఇంకా అరచేతికి తగులుతోంది. అక్క ఆయన వంక చూసింది. ఆ చూపు పడగానే చెవి ఎర్రబడింది. చిన్నప్పుడు అమ్మ గాజు గిన్నె పగలగొట్టి మంచం కింద దాక్కున్నప్పుడు కూడా ఇదే చూపు. అప్పుడు నిజం చెప్పలేదు. పిల్లి మీదికి తోశాడు. ఇప్పుడు తోయడానికి పిల్లి లేదు. తోస్తే బావ మీదికే తోయాలి, బావ ఆల్రెడీ మంచం మీద ఉన్నాడు.

ఆయన గుడ్డ విప్పాడు. సీసాను మంచం పక్కనున్న బల్ల మీద, మందుల పళ్లెం పక్కన, అందరికీ కనబడేలా బయటపెట్టాడు.

"ఇది తిన్నాడండీ. రోజూ. నేనే చేసిచ్చాను. వెనిగరు తగ్గించాను. వెల్లుల్లి ఎక్కువేశాను. ఫ్రిజ్‌లో లేదు. ఇస్త్రీ పెట్టె కింద ఉంది." ఇన్ని వాక్యాలు ఒక్క ఊపిరితో అన్నాక, మిగిలిన కొసరు ఊపిరితో అక్క వైపు తిరిగాడు. "ఉప్పు కూడా ఉంది అక్కా. కొంచెం."

అక్క తిట్టలేదు. అరవలేదు. సీసా వంక చూసింది, లోపలి నీలి రేకుల వంక చూసింది, భర్త మొహం వంక చూసింది. ఆమె మాట్లాడకపోవడం ఆ గదిలో అందరికంటే డాక్టరును ఎక్కువ భయపెట్టినట్టుంది. ఆయన గబగబా చెప్పాడు. "చెప్పి మంచిపని చేశారు. దీనివల్ల అరుదుగా ఒక రకం విషం తయారవుతుంది. చూపు రెండుగా కనబడటం దానికి మొదటి లక్షణం. అదే అయితే క్షణం ఆలస్యం చేయకూడదు. విరుగుడు మందు తెప్పించాలి."

"చూపు రెండుగానా?" అంది అక్క. ఆ గొంతు అక్కది కాదు, ఎవరో చిన్నపిల్లది. మంచం అంచు పట్టుకుని వంగి భర్త మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తరువాత తన ముక్కు మీది కళ్లద్దాలు తీసి, చేత్తో పట్టుకుని, దూరంగా పెట్టి చూసింది.

"ఏవండీ" అంది నెమ్మదిగా. "మీరు పెట్టుకున్నవి ఎవరివి?"

"నావే."

"ఇలా ఇవ్వండి."

ఇద్దరివీ ఒకే కొట్టులో, ఒకటి కొంటే ఇంకొకటి ఉచితమని కొన్నవి. ఒకే నల్ల అంచు. ఆమె అతని కళ్లద్దాలు లాగి తను పెట్టుకుంది, తనవి అతని ముక్కు మీద పెట్టింది. డాక్టరు మళ్లీ వేలు చూపించాడు.

"ఇవెన్ని?"

బావ రెప్పలార్పాడు. "ఒకటి" అన్నాడు. ఆ వెంటనే భార్య వంక చూసి, "నువ్వు కూడా ఒక్కదానివే" అన్నాడు.

మెట్లాయన గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి నేల మీద కూర్చున్నాడు. భార్య వచ్చి పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది.

భయం అంతటితో పోలేదు. ఆ విషానికి తొందర ఉండదనీ, తరువాత కూడా బయటపడొచ్చనీ, రేపటిదాకా కనిపెట్టి ఉండాల్సిందేననీ డాక్టరు చెప్పాడు. కడుపు పాడైనమాట నిజమేనని సెలైను ఎక్కించారు. బయట బల్ల మీద అక్కా తమ్ముడూ పక్కపక్కన కూర్చున్నారు. నర్సు తెర తీసినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి లేచారు, ఒకేసారి కూర్చున్నారు.

"అంత ఉప్పు మాన్పించి ఉండాల్సింది కాదేమోరా" అంది అక్క ఎప్పుడో, ఎదుటి గోడతో చెబుతున్నట్టు.

అక్కకు భయమేస్తుందని మెట్లాయనకు ఇంతవరకూ తెలియదు. ప్రపంచంలో భయాల పంపకం మొత్తం తన ఒక్కడి పేరునే జరిగిందనుకున్నాడు. ఆమె చెయ్యి చల్లగా తగిలింది. పట్టుకున్నాడు.

"ఇంకేమైనా దాచావా నా దగ్గర?"

"చిన్నప్పుడు అమ్మ గాజు గిన్నె. పిల్లి కాదు."

"తెలుసు" అంది అక్క. "మనింట్లో పిల్లి ఎప్పుడుందిరా?"

*

మర్నాడు సాయంత్రం డాక్టరు మరోసారి వేలు చూపించి, మింగించి, మాట్లాడించి, ఇంటికి వెళ్లమన్నాడు. విషం కాదు, కడుపు మాత్రమే పాడైందన్నాడు. బావ చొక్కా తొడుక్కుంటూ, ఆసుపత్రివాళ్లు తొడిగిన గౌను కుట్టు ఎంత అధ్వాన్నంగా ఉందో నర్సుకు వివరించాడు. ఆయన తిరిగి మనిషయ్యాడనడానికి అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

అక్క సంచి సర్దుతూ తమ్ముడి వంక తిరిగింది. ఈసారి చెవి పట్టుకుంది. గట్టిగా కాదు.

"నీ కడుపు చల్లగా ఉండ! ఆ చల్లగా అన్న ఒక్క మాట ఆ రోజు మీ బావకి చెప్పి ఉంటే సరిపోయేది కదరా?"

బావను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లిఫ్టు దగ్గరికి తోశారు. అక్క, మెట్లాయన భార్య కూడా ఎక్కారు. తలుపు మూసుకోబోతుంటే బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"రావేంట్రా? నిన్న ఎక్కావుగా?"

"నిన్న మీరు పోతున్నారు కదా బావా."

"ఓహో. అయితే ఇవాళ నేను పోవడం లేదన్నమాట" అన్నాడు బావ తృప్తిగా. తలుపు మూసుకుంది.

మెట్లాయన మెట్ల మీద దిగాడు. రెండేసి మెట్లు దూకి కిందికి చేరేసరికి లిఫ్టు ఇంకా రాలేదు. తలుపు పైన అంకె వెలుగుతూ ఒకచోట ఆగి ఉంది. ఎవరైనా ఎక్కుతున్నారేమో. దిగుతున్నారేమో. ఆయన ముందుకు వెళ్లి ఇనప తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. లోపల తీగ సన్నగా అదురుతోంది. అది మంచి అదురుడో చెడ్డ అదురుడో చెప్పగల మనిషి ఆ భవనంలో తనొక్కడే. ఆ క్షణంలో ఆయనకు ఏమీ తెలియలేదు. తన ఇంటిల్లిపాదీ ఆ పెట్టెలో ఉన్నారు.

అంకె కదిలింది. తీగ ఆగింది. చిన్న కుదుపు. తలుపులు విడిపోయాయి. కుర్చీలో బావ, ముక్కు మీద తన సొంత కళ్లద్దాలతో, ముందుగా బయటికి దొర్లుకొచ్చాడు. తలుపుకు ఆనించిన భంగిమలో ఇంకా గాలిలోనే ఉన్న బావమరిది అరచేతిని చూశాడు.

"ఏం భయపడకురా" అన్నాడు. "బయటపడ్డాను."